జనరేటరున్న పబ్బు

"ఆ పబ్బుకైతే నేను రాను. కావాలంటే నా శవాన్ని మోసుకెళ్ళండి" అంది అరుణశ్రీ. చెప్పులు వేసుకోబోతున్నదల్లా వాటిని గోడకేసి తన్నింది.

"అరవకే! లోకనాథం గారు వింటారు" అన్నాడు వాళ్ళ నాన్న వాసుదేవరావు, ముందుగదివైపు భయంగా చూస్తూ. మినుములు కొనడానికి విశాఖపట్నం నుంచి వచ్చిన లోకనాథం అక్కడ కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. వాళ్ళుండే తామ్వే పేటలో పొద్దుటి నుంచీ కరెంటు లేదు.

"విననీ! ఇంత రంగూన్‌లో ఆయనకి బువ్వ పెట్టడానికి మరో చోటే లేదేటి?"

"ఎక్కడుందో నువ్వే చెప్పు. చెరువు పక్కది మూసీసారు. కాలేజీ రోడ్డుది బాంబు పేలినప్పట్నుంచీ తెరవలేదు. మిగతా వాటిల్లో ఫ్యాను కూడా తిరగదు. అంత దూరం నుంచి వచ్చిన మనిషికి కాస్త ఏసీ ఉండాల, మర్యాదగా కూర్చునే చోటుండాల. ఆ పబ్బులోనైతే జనరేటరు ఆగదు."

"ఎందుకాగుతాది? ఓనరు ఆర్మీ ఆఫీసరు అల్లుడు గదా! ఊరు ఊరంతా తలుపులేసుకుని సైన్యం మీద సమ్మె చేసిన రోజున లైట్లేసి మరీ తెరిచినోడు వాడు. లైంగ్‌థార్యార్‌లో ఊరేగింపప్పుడు నా స్నేహితురాలు తిరిని కాల్చి చంపినోళ్ళు తినేది అక్కడే నాన్నా. దాని పక్కన కూర్చుని చదువుకున్నాను నేను. ఇప్పుడు వాళ్ళ పక్కన కూర్చుని తినమంటావా?"

వాసుదేవరావు ముందుగది తలుపు దగ్గరగా వేశాడు. సైన్యం మాటొస్తే ఎప్పుడూ అంతే. రాత్రి ఎనిమిదయ్యేసరికి వీధి వీధంతా గిన్నెలు మోగిస్తూ సైన్యాన్ని తిట్టిపోస్తుంటే, కిటికీలు మూసి చెవుల మీదుగా దుప్పటి లాక్కునే మనిషి. మనకెందుకమ్మా, మన కొట్టు మనం చూసుకుందాం. ఆయనది ఎప్పుడూ ఒకటే పాట.

"రావే తల్లీ" అని బతిమాలింది తల్లి కనకరత్నం. "వచ్చినాయన ముందు మీ నాన్న పరువు తియ్యకు."

"పరువా? ఉంటే గదా పోడానికి!"

ఆ మాటకి వాసుదేవరావు మొహం పాలిపోయింది. అయినా వెళ్ళి టాక్సీ పిలిచాడు. పరాయి మనిషి ముందు ఇంకా రచ్చ చెయ్యలేక అరుణశ్రీ పళ్ళు కొరుక్కుంటూ ఎక్కింది.

పబ్బు లోపల చల్లగా, హాయిగా ఉంది. పక్క టేబుల్ దగ్గర యూనిఫాంలో ఒక ఆఫీసరు, ఆయన పెళ్ళాం పిల్లలు వేయించిన చేపలు తింటున్నారు. అరుణశ్రీ వాళ్ళకి వీపు పెట్టి కూర్చుంది.

"అబ్బ, ప్రాణం లేచొచ్చిందండీ!" అన్నాడు లోకనాథం. "మా టీవీల్లో ఏదేదో చూపిస్తారు గానీ ఊరు ప్రశాంతంగానే ఉందే!"

అరుణశ్రీకి ఒళ్ళు మండిపోయింది. "ఎందుకుండదండీ? నోరున్నోళ్ళంతా జైల్లో ఉంటే..."

టేబుల్ కింద తల్లి తొడపాశం పెట్టింది.

"ముందు అందరికీ చల్లగా నిమ్మరసం చెప్పండి" అన్నాడు లోకనాథం.

వాసుదేవరావు దూరంగా నిలబడ్డ వెయిటరు వైపు తిరిగి, చెయ్యి తలకంటే పైకెత్తాడు. మూడు వేళ్ళు నిటారుగా నిలబెట్టి "నిమ్మరసం!" అని బర్మా భాషలో కేకేశాడు.

హాలంతా గప్‌చుప్. ఆ ఊళ్ళో మూడు వేళ్ళు ఎత్తడమంటే ఏమిటో పసిపిల్లలక్కూడా తెలుసు. సైన్యం రాజ్యం మాకొద్దు అని ఊరేగింపుల్లో అలాగే ఎత్తారు, ఎత్తినవాళ్ళని ఎత్తినట్టే పట్టుకుపోయారు. అప్పట్నుంచీ బజార్లో మూడు మామిడికాయలు కావాలన్నా జనం నోటితోనే చెబుతున్నారు.

ఆఫీసరు కుర్చీ కిర్రుమంది. "ఏయ్ కలా! ఏమిటా వేళ్ళు?" ఇండియా వాళ్ళని ఈసడించడానికి అక్కడ వాడే మాట అది.

వాసుదేవరావు చెయ్యి దించలేదు. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. "నిమ్మరసం సార్. మూడు గ్లాసులు."

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "పప్పుల కొట్టాయన సార్. కొట్టు తప్ప మరో లోకం తెలీదు."

ఆఫీసరు చాలాసేపు చూశాడు. ఆ తర్వాత "మొద్దు కలా!" అని పగలబడి నవ్వి మళ్ళీ చేపముక్క అందుకున్నాడు. ఆయన పెళ్ళామూ నవ్వింది. వాళ్ళతోపాటు వాసుదేవరావూ నవ్వాడు. ఛీ, ఈయన కడుపున ఎందుకు పుట్టానా అనిపించింది అరుణశ్రీకి.

మూడు గ్లాసులొచ్చాయి. గొంతు నొప్పిగా ఉంది, నాకొద్దులే అంది కనకరత్నం. అరుణశ్రీ తన గ్లాసు ముట్టుకోలేదు.

భోజనాలయ్యాక లోకనాథం టాక్సీలో హోటలుకి వెళ్ళిపోయాడు. టాక్సీ మలుపు తిరిగీ తిరగ్గానే అరుణశ్రీ తండ్రి మీద విరుచుకుపడింది.

"నువ్వసలు మనిషివేనా నాన్నా? ఆ మూడు వేళ్ళెత్తినందుకే గదా తిరిని చంపీసారు! అది ప్రాణం ఒడ్డి ఎత్తిన వేళ్ళని నువ్వు నిమ్మరసం కోసం ఎత్తీసావు. వాడు మొద్దంటే సిగ్గు లేకుండా నవ్వీసావు. ఊరందరికీ తెలిసింది నీ ఒక్కడికే తెలీదేటి?"

రోడ్డు మీద కనకరత్నం తప్ప ఎవరూ లేరు. వాసుదేవరావు అటూ ఇటూ చూసి, కూతురికి దగ్గరగా వచ్చాడు. గొంతు బాగా తగ్గించాడు.

"నలుగురం కూర్చున్నాం గదమ్మా. నాలుగు వేళ్ళు ఎత్తడం రాకే మూడెత్తాననుకున్నావేటి?"