ముక్కలావిడ చెప్పిన జోస్యం

వదిన పోరు పడలేక, వదిన వెంటే ఆమె ముక్కలావిడ గది మెట్లెక్కింది.

"నమ్మమని ఎవరన్నారు? ఊరికే విని రా. పెళ్ళి పెట్టుకుని ఒక మాట అడిగించుకుంటే ఏం పోయింది?" అని వదిన ఎన్నాళ్ళ నుంచో చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది.

ఆమె కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. పొద్దస్తమానం ఎవరెవరివో నోటి అచ్చులు ముందు పెట్టుకుని మైనంతో చిగుళ్ళు దిద్దుతూ ఉంటుంది. చేత్తో తడిమి చూస్తే తప్ప దేన్నీ నమ్మే రకం కాదు. మొన్నమొన్నటి దాకా పెళ్ళి మాటెత్తితే అన్నయ్య ముందు నుంచి లేచి వెళ్ళిపోయేది.

ఆ పంతం మాన్పించింది లిఫ్టు మెకానిక్కు. ల్యాబున్న భవనంలో లిఫ్టు సగంలో ఆగిపోయి, ఆమె లోపల బిగుసుకుపోయి కూర్చున్నప్పుడు, తలుపు అవతలి నుంచి కబుర్లు చెబుతూనే తలుపు తెరిచాడు. భార్య పోయి చాలా ఏళ్ళయిందని మొదట్లోనే దాచకుండా చెప్పేశాడు. ఆ దాచకపోవడమే ఆమెకు నచ్చింది. వచ్చే నెలలో పెళ్ళి.

పేకముక్కలు పరిచి జరగబోయేది చెబుతుందని ముక్కలావిడకు పేరు. ఆవిడ మాట మీద వదిన వాళ్ళు ఇల్లు కూడా మారారు. గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కిటికీకి మందపాటి తెర. ముక్కలావిడ కలుపుగోలు మనిషి. వదినతో ఇంట్లో అందరి క్షేమం అడిగి, నవ్వుతూ ముక్కలు కలిపింది. మొదట చెప్పినవన్నీ ఎవరికైనా అతికేవే. నీ మనసు వెన్న. నీ కష్టం ఎవరూ గుర్తించరు. ఆమె వదిన వైపు చూసి కళ్ళెగరేసింది.

"పెళ్ళికొడుకు ఫోటో ఉంటే చూపించమ్మా" అంది ముక్కలావిడ.

ఆమె ఫోన్ తీసి చూపించింది. ముక్కలావిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి, ఫోను తిరిగి ఇచ్చేసి, ముక్కలు మళ్ళీ కలిపి పరిచింది.

"ఇతనికి చిన్నప్పుడు నీటి గండం తప్పింది. ఇప్పటికీ నీళ్ళలో దిగడు. ఎడమ మోచేతి కింద కాలిన మచ్చ ఉంది. నిద్రలో పళ్ళు కొరుకుతాడు."

ఆమె నవ్వు ఆగిపోయింది. మచ్చ తను చూసిందే. పళ్ళ సంగతి అతనెప్పుడూ చెప్పలేదు గానీ, అరిగిన అంచులు చూసి పరిచయమైన రోజే పోల్చుకుంది.

"భార్య పోయిందని చెప్పాడా?"

ఆమె తలూపింది.

"పోలేదమ్మా. బతికే ఉంది. ముక్కలు అదే చెబుతున్నాయి. ఇంక నువ్వు నా దగ్గరికి రావద్దు." బయట వేచి ఉన్నవాళ్ళను రేపు రమ్మని చెప్పమని వదినను పురమాయించి, ముక్కలన్నీ దొంతర పెట్టేసింది.

ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు ల్యాబులో పై వరసకు పెట్టాల్సిన పళ్ళు కింది వరసకు పెట్టి చీవాట్లు తింది. నమ్మను, నమ్మను అనుకుంటూనే నమ్మేసింది. సాయంత్రం అతన్ని కాఫీ కొట్టుకు రమ్మని, మొదటి నుంచీ చివరిదాకా అంతా చెప్పేసింది.

అతను కడుపు పట్టుకుని నవ్వాడు.

"చదువుకున్నదానివి, నీకేం వచ్చింది? వాళ్ళు ముందు తియ్యటి మాటలు చెబుతారు. మన కనురెప్ప ఎక్కడ కదిలితే అక్కడ పట్టుకుంటారు. వెంట వచ్చిన చుట్టాన్ని ముందే కదిపి అన్నీ రాబట్టేస్తారు. మీ వదిన నోట్లో నువ్వుగింజ నానుతుందా?"

"మరి మచ్చ?"

"రోజూ ఇనుముతో కుస్తీ పట్టేవాడి చేతికి మచ్చ లేకపోతే వింత. గండం తప్పనివాణ్ణి ఒక్కణ్ణి చూపించు."

"భార్య బతికే ఉందని..."

"రెండో పెళ్ళివాడని తెలిస్తే ముందు వేసే రాయి అదే. భయపెడితేనే కదా, నువ్వు మళ్ళీ మళ్ళీ వాళ్ళ గుమ్మం తొక్కేది."

"ఇవన్నీ మీకెలా తెలుసు?"

"నలుగురిలో తిరిగేవాణ్ణి. ఆ మాత్రం తెలియదా?"

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే వదిన మీద ఒళ్ళు మండింది. ఇంటి గుట్టంతా పరాయి మనిషి చేతిలో పోసి, పైగా ఏమీ ఎరగనట్టు పక్కన కూర్చుంది. సొంత వదిన ఇంత పని చేసిందా అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పళ్ళు కొరికే సంగతి వదినకు తెలియదు కదా అన్న ఆలోచన ఒకటి లోపల తలెత్తింది. దాన్ని తనే నొక్కేసింది.

"ఇంకెప్పుడూ అటు వెళ్ళను. వెళ్దామన్నా ఆవిడ రానివ్వదు, మళ్ళీ రావద్దని చెప్పేసింది" అంది కళ్ళు తుడుచుకుని.

అతని నవ్వు తగ్గింది. "రావద్దందా? వచ్చే గిరాకీని ఎవరూ అలా పోగొట్టుకోరే. ఎక్కడుంటుంది ఆవిడ?"

"కళ్ళజోళ్ళ షాపు పైన. మెట్లెక్కగానే ఆకుపచ్చ తలుపు."

అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"నా ఫోటో తీసుకెళ్ళి మా ఆవిడకి చూపించావా?"