పదకొండో పాఠం

పెద్దావిడ మళ్ళీ పడింది.

పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. బండి ఒక పక్క, ఆవిడ ఒక పక్క.

మాస్టారు కుర్చీలోంచి లేవలేదు.

ఆ మైదానంలో పదిహేడేళ్ళుగా జనానికి మోటారుసైకిలు నేర్పుతున్నాడాయన. ప్రభుత్వం వారి రెండు రోజుల శిక్షణ. ఆయన సంతకం ఉన్న సర్టిఫికెట్ చూపిస్తే చాలు, లైసెన్సు ఆఫీసులో మళ్ళీ పరీక్ష ఉండదు.

మొదట్లో ఎవరు పడినా పరుగెత్తేవాడు. ఇప్పుడు బండి అద్దం పగిలిందా లేదా అని మాత్రం చూస్తాడు.

నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళలో ఒక పోస్ట్‌మ్యాన్ పరుగెత్తాడు. ఈ మధ్యే బదిలీ మీద ఆ ఊరొచ్చినవాడు. సైకిలు తీసేసుకుని ఆఫీసువాళ్ళు మోటారుసైకిలు ఇచ్చారు.

"పిన్నిగారూ, బండిని మనం తోలాలి గానీ అది మనల్ని తోలకూడదు" అంటూ లేపి నిలబెట్టాడు.

"నా బండి ఎత్తుతూ కూర్చుంటే నీ చదువేం కాను నాయనా?"

"నా చదువెప్పుడూ అత్తెసరేనండీ."

మధ్యాహ్నం నీడలో కూర్చున్నప్పుడు మాస్టారు ఆవిడని అడిగాడు.

"ఈ వయసులో మీకిదెందుకమ్మా?"

"ఏం నేర్పుతారో చూద్దామని, బాబూ."

మాస్టారు సర్దుకుని కూర్చున్నాడు.

"పై ఆఫీసు నుంచి వచ్చారా?"

"నన్ను చూస్తే ఆఫీసరమ్మలా ఉన్నానా?"

చూశాడు. వెలిసిన చీర, కాయలు కాసిన చేతులు. ఫరవాలేదనుకున్నాడు.

రెండో రోజు సాయంత్రానికి పది పాఠాలు అయ్యాయి.

పదకొండోది మలుపులో బ్రేకు. నేల మీద నీళ్ళు చల్లాలి. వంకర గీత మీద బండి తిరుగుతుండగా మాస్టారు ఉన్నట్టుండి చెయ్యెత్తాలి. నడిపేవాడు ముందు బండిని నిటారుగా తెచ్చి, ఆ తర్వాత బ్రేకు వెయ్యాలి. పుస్తకంలో అలా ఉంది.

ఆ పాఠంలో ప్రతిసారీ ఒకరిద్దరు పడేవారు. బండికి ఎక్కడో సొట్ట పడేది. సొట్టపడిన బండికి మాస్టారు పై ఆఫీసుకి మూడు కాగితాలు రాసి పంపాలి. అందుకని ఆరేళ్ళ కిందటే ఆ పాఠం మానేశాడు. రిజిస్టరు గడిలో టిక్కు మాత్రం పెడతాడు.

ఆవేళా వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోతున్నాడు.

"బాబూ, పదకొండోది?" అంది పెద్దావిడ.

"అయిందనుకోండమ్మా."

"ఎప్పుడైంది?"

వెనక ఎవరో నవ్వారు. అందరికీ ఇంటికి పోయే తొందర.

"మలుపులో ఏదైనా అడ్డమొస్తే వీళ్ళేం చేస్తారు బాబూ?"

"నెమ్మదిగా పోతే ఏదీ అడ్డం రాదు."

"వస్తుంది." ఆవిడ గొంతు పెంచలేదు. "గాభరాలో ముందు చక్రం బ్రేకు గట్టిగా నొక్కేస్తారు. బండి కాళ్ళ కింద నుంచి జారిపోతుంది. ముందు భుజం, తర్వాత తల."

"మీకెలా తెలుసు?"

"చూస్తూంటాను."

రోడ్డు పక్కన ఇల్లు కాబోలనుకున్నాడు మాస్టారు.

"నాకెలాగూ రాదు, నాకు టిక్కు పెట్టకండి. వీళ్ళకి మాత్రం చెప్పి పంపండి. పావుగంట పని."

"నేనుంటాను మాస్టారూ" అన్నాడు పోస్ట్‌మ్యాన్. "నాకేం పెళ్ళామా పిల్లలా, ఎదురుచూడ్డానికి?"

మాస్టారు గడియారం చూసుకున్నాడు.

"డ్రమ్ములో నీళ్ళు లేవు."

"నేను మోసుకొస్తాను" అంది పెద్దావిడ.

"వచ్చే బ్యాచికి చూద్దాం లెండి."

ఆ మాటతో సంతకాలు పెట్టేశాడు. పెద్దావిడ పేరు ఎదురుగా ఫెయిల్ అని రాశాడు.

ఆవిడ ఆఖరి బండి వెళ్ళేదాకా గేటు దగ్గర నిలబడి, ఒక్కొక్కరి ముఖమూ చూసి, నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం వాన పడింది.

పదకొండింటికి మాస్టారికి పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది.

"ఒకాయన బండి మీద నుంచి పడి చనిపోయాడండీ. జేబులో మీరిచ్చిన సర్టిఫికెట్ తప్ప ఏమీ లేదు. బండి పోస్టాఫీసుది, వాళ్ళకివాళ సెలవు. ఊళ్ళో తనవాళ్ళంటూ ఎవరూ ఉన్నట్టు లేరు. ఒకసారి వచ్చి గుర్తుపడతారా?"

మాస్టారు చొక్కా మార్చుకుని బయల్దేరాడు. దారిలో ఏడుపు వస్తుందేమోనని చూసుకున్నాడు. రాలేదు. బస్సులో పక్కవాడు టైమెంతని అడిగితే చెప్పాడు.

ఆసుపత్రి వెనక పొడుగాటి వరండా, దాని చివర ఒక బల్ల, బల్ల ఎదురుగా మూసిన తలుపు. బల్ల మీద కానిస్టేబుల్ కూర్చుని ఉన్నాడు.

"ఎలా జరిగింది?" అన్నాడు మాస్టారు.

"మలుపులో కుక్క అడ్డమొచ్చిందట. గట్టిగా బ్రేకు వేశాడట."

మాస్టారు కూర్చున్నాడు. తన చేతులు ఎవరివో అయినట్టు మోకాళ్ళ మీద పడి ఉన్నాయి.

"లోపలికి వెళ్ళొచ్చా?"

"ఆగండి. లోపల కడుగుతోంది. మనిషిని మనిషిలా చేస్తే గానీ అయినవాళ్ళకి చూపించదు ఆవిడ. ఇరవై రెండేళ్ళుగా బండ్ల మీద పోయినవాళ్ళందరూ ఆ చేతుల మీదుగా వెళ్ళినవాళ్ళే."

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది.

తలుపు తీసి, తడిచేతులు తుడుచుకుంటూ "రండి బాబూ" అని పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది, ఆయన ఫెయిల్ చేసిన పెద్దావిడ.