విరిచిన నాచు

"గర్భసంచి ముఖద్వారాన్ని కరెంటు తీగతో కోస్తే కొంచెమే పోతుంది అత్తయ్యా. కత్తితో అయితే ఎక్కువ పోతుంది. తర్వాత నెలలు నిండకుండానే కాన్పు కావచ్చట," అంది ఉన్‌బి.

"ముల్లంగుల బేరమటే ఇది? డాక్టరమ్మ ఏమంది?" అటక మీది సముద్రపు నాచు దించుతూ అడిగింది మల్‌సున్. కోడలికి కాన్పయ్యాక పెట్టే చారుకని దాచిన పొడవాటి నాచు అది. విరిస్తే కాన్పు కష్టమవుతుందని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

"క్యాన్సర్‌గా మారే కణాలు లోపలిదాకా ఉన్నాయి, కత్తే మేలంది. కానీ మీకు మనవడు..."

మల్‌సున్ నాచును ఫటుక్కున విరిచింది.

"అయ్యో, అత్తయ్యా!"

"పుట్టినరోజుకీ మనం తాగేది ఈ చారే కదే! కత్తితోనే చేయించుకో. రేపు నీ పుట్టినరోజుతో మొదలుపెట్టి నలభై ఏళ్లు వండిపెడతాను."

"అప్పటికి మీకు నూరేళ్లు దాటుతాయి!"

"అందుకే, ఉప్పెక్కువైనా నోరు మూసుకుని తాగు."