నల్లచెలిమ హంతకుడు

సిద్ధరాములు పోయిన రోజే నల్లచెలిమ హంతకుడు కూడా తప్పించుకున్నాడు.

దినాలు అయ్యాక నీలం నగర్ ఆడవాళ్లు మళ్లీ యమునాబాయి ఇంట్లో చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చున్నారు. ఆమె భర్త సిద్ధరాములు కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీలో మరాఠీ క్యాలెండర్ కాగితంతో అట్ట వేసిన లావుపాటి తెలుగు పుస్తకం. చివరి భాగం దగ్గర గుర్తుగా చద్దరు అంచు ముక్క. మగ్గం దిగి వచ్చి, వీళ్లు చుడుతుంటే ఆయన రోజూ అందులోంచి చదివి వినిపించేవాడు. ఆ కథలో, నల్లచెలిమ అనే చిన్న ఊళ్లో వరుసగా మనుషులు హత్యకు గురవుతున్నారు. చచ్చినవాళ్ల చెప్పులను ఎవరో శుభ్రంగా కడిగి గడప దగ్గర పెడుతున్నారు.

"ఎవరు చంపిండో తెల్వక నాకు నిద్ర వడ్తలేదు వదినె," అంది పక్కింటి యల్లమ్మ. "నా నజర్‌ల పోస్ట్‌మాస్టరే."

"థూ! కాంపౌండర్," అంది ఆరతి. "చెప్పులకు మందుల వాసనుందని అన్న చదవలే?"

"చదివేటోడు పాయె. ఇగ తెలుగు అక్షరం ఎవరికొస్తది? మన పోరగాండ్లంత మరాఠీ బడే," అంది యల్లమ్మ.

మనవరాలు సాక్షి ఫోన్ తీసింది. "అవ్వా, పేజీ మీద గిట్ల పెడితే ఇదే చదువుతది."

యమునాబాయి పుస్తకాన్ని గభాల్న ఒళ్లోకి లాక్కుంది. "వద్దు. ఫోనుకేమెరుక, ఏడ ఆగాల్నో?"

అదీ నిజమే. కథలో సరిగ్గా తలుపు చప్పుడైనప్పుడు, దీపం ఆరిపోయినప్పుడు సిద్ధరాములు పుస్తకం మూసేవాడు. 'మిగతాది రేపు' అనేవాడు. మర్నాడు జ్వరమొచ్చినవాళ్లు కూడా పనికి వచ్చేవారు.

"మరి ఎవరు చదువుతరు?" అంది ఆరతి.

"నేనే."

యల్లమ్మ పగలబడి నవ్వింది. "అగబాయి! వేలిముద్ర ఏసే చెయ్యి పుస్తకం పడ్తదట! నువ్వు చదివి వినిపిస్తే దీపావళి దాంక నీ వంతు ఆకు నేను కత్తిరిస్త."

"పో, కత్తెరకు సాన పట్టిచ్చుకో."

చదువు వచ్చేదాకా తెరవనని పుస్తకాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసింది. సాక్షితో చిన్నపిల్లల తెలుగు పాఠాలు ఫోన్‌లో పెట్టించుకుంది. చేటలో తంబాకు పలచగా పరిచి వేలితో 'అ' రాసింది. చెరిపింది. తుమ్మింది. మళ్లీ రాసింది. వానాకాలమంతా అంతే. ఒత్తుల దగ్గర ఏడ్చింది కానీ ఎవరికీ కనబడనివ్వలేదు. ఒకరోజు మార్కండేయ గుడి గోడ మీది తెలుగు వరుసను ఎక్కడా ఆగకుండా చదివి, ఇంటికొచ్చి పెట్టె తాళం తీసింది; పుస్తకం మాత్రం అందరి ముందే తెరవాలనుకుంది.

దసరా మర్నాడు ఆమె సిద్ధరాములు కుర్చీలో కూర్చుంది. పక్క సందుల వాళ్లు కూడా వచ్చి గోడవారగా సర్దుకున్నారు. అంచు ముక్క తీసి పేజీ తెరిచింది. వేలు మొదటి వరుస మీద కదిలింది. ఆగింది. వెనక్కి ఒక పేజీ తిప్పింది. ఇంకా వెనక్కి. మొదటి పేజీ దాకా.

"ఏమాయె వదినె, అక్షరాలు ఉరికినయా?" అంది యల్లమ్మ.

యమునాబాయి కొంగుతో కళ్లు తుడుచుకుంది. అంచు ముక్క దగ్గరికే తిరిగి వచ్చి గొంతు సవరించుకుంది.

"కాంపౌండర్ దవాఖానకు తాళమేసి ఇంటికొచ్చిండు. గడప కాడ చెప్పులున్నయి. కడిగిన చెప్పులు. ఇంక తడి ఆరలే. వంగి చూసిండు. నిన్న పోయిన తన చెప్పులే."

ఆరతి వేళ్ల మధ్య దారం అలాగే ఉండిపోయింది.

"ఎన్క ఎవరో దగ్గిండ్రు. కాంపౌండర్ తిరిగి చూసిండు. 'నువ్వా?' అన్నడు."

యమునాబాయి పుస్తకం మూసింది. "మిగతాది రేపు."

గది గదంతా లేచింది. "ఎవరో చెప్పి పో తల్లీ!" అని ఒకరు, "నా పానం పోతది వదినె!" అని ఇంకొకరు. యల్లమ్మ మాత్రం చాలాసేపు కుర్చీ వైపే చూసింది. "అచ్చం అన్న లెక్కనే ఆపినవ్," అంది. యమునాబాయి పందెం ఊసెత్తకుండా ఆకు కట్టను తన ముందుకు లాక్కుని కత్తెర అందుకుంది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. పక్క కార్ఖానాలో మగ్గాల మోత కూడా ఆ చప్పట్లలో వినబడలేదు.

అందరూ వెళ్లాక సాక్షి ఆగలేక పుస్తకం తెరిచి ఫోన్ పట్టింది. ఫోన్ చదివింది: "ఈనిన గేదెకు దాణా కొద్దికొద్దిగా పెంచాలి."

సాక్షి ఇంకో పేజీ మీద పట్టింది. ఇంకో పేజీ మీద. "అవ్వా, తాత చదివిన కథ ఏది?"

"మొదటి పేజీ నుంచి బర్లే బిడ్డా," అంది యమునాబాయి నవ్వుతూ. "మీ తాతకు కూడ ఒక్క అక్షరం రాదు."

రేపటిలోగా హంతకుణ్ని పట్టుకునే పని మిగిలి ఉంది.