మెషీన్ చెబితే వింటాం

"మళ్లీ రెస్టా?"

బుల్లెట్ ఫోన్ వంక గుర్రుగా చూసింది. సెలక్షన్ రేసు తొమ్మిది రోజుల్లో ఉంది. మిగతా ముగ్గురు అమ్మాయిలకీ కొండ రోడ్డు మీద ఆరు రౌండ్లు. తనకు మాత్రం, "ఇవాళ సైకిల్ ముట్టుకోవద్దు. నిద్రపో."

సైకిల్ క్లబ్బులో అందరికంటే జోరుగా తొక్కుతుంది కనుక ఆమెకు ఆ పేరు. కోచ్ ఆమెకు సొంత పిన్నే. మెడలో విజిల్ వేసుకుని, ఆరేళ్లుగా గొంతు చించుకుని నేర్పింది. పోయిన ఏడాది నలుగురూ ఓడిపోయారని, రెండు నెలల కిందట బుల్లెట్టే క్లబ్బు సెక్రటరీ దగ్గరికి వెళ్లింది.

"పిన్నిది పాతకాలం పద్ధతండీ. మాకు ట్రైనింగ్ సాఫ్ట్‌వేర్ కావాలి. గుండె వేగం, నిద్ర, అలసట చూసి, ఎవరికి తగ్గట్టు వాళ్లకి రోజూ ప్రాక్టీసు మార్చి చెబుతుందట."

"కంపెనీకి చెప్పేశాను. సోమవారం నుంచి మొదలు," అన్నాడాయన.

సోమవారం తెల్లారేసరికి క్లబ్బు నంబరు నుంచి నలుగురికీ మెసేజీలు వచ్చాయి. ఆనాటి నుంచి రోజూ సాయంత్రం వివరాలు పంపడం, పొద్దున్నే ఆజ్ఞ అందుకోవడం. పిన్నికి టైర్లలో గాలి చూసే పని మిగిలింది.

నెల తిరిగేసరికి అందరి వేగమూ పెరిగింది. కానీ బుల్లెట్‌కి ఎక్కడో తేడా కొట్టింది.

పోయిన వారం వచ్చిన మెసేజ్ మరీ విడ్డూరం. "మోకాలి పట్టీ తీసెయ్. అది నొప్పికి కాదు, భయానికి కట్టుకున్నావు."

పట్టీ సంగతి తనెక్కడా రాయలేదు. బట్టలు మార్చుకునే గదిలో కెమెరా ఏమైనా పెట్టారేమోనని గోడలన్నీ తడిమింది. ఏమీ దొరకలేదు.

ఇవాళ మళ్లీ ఈ రెస్టు. ఉండబట్టలేక క్లబ్బుకి వెళ్లింది. ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు పిన్ని! అలికిడికి ఉలిక్కిపడి స్క్రీన్ ఆపేసింది.

"ఏం చేస్తున్నావ్ పిన్నీ?"

"ఏముందే, మీ అంకెలు చూస్తున్నా."

"నీకెందుకా గోల?"

పిన్ని గాలిపంపు తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

కుళ్లు! తన అంకెలు తారుమారు చేస్తోంది. తను ఓడితే సాఫ్ట్‌వేర్ దండగని తేలుతుంది, పిన్ని మళ్లీ విజిల్ ఊదొచ్చు. బుల్లెట్ తిన్నగా వెళ్లి సెక్రటరీ చెవిన వేసింది.

"ముందు రేసు కానీ. తర్వాత తేలుద్దాం," అన్నాడాయన.

అయినా మెషీన్ మాట కాదనే ధైర్యం చాల్లేదు. పళ్లు కొరుక్కుంటూనే పడుకుంది.

రేసు రోజున కాళ్లు గాల్లో తేలిపోయాయి. బుల్లెట్టే ఫస్టు. జట్టులో చోటు ఖాయం.

మర్నాడు సెక్రటరీ అందరినీ ఆఫీసుకి పిలిచాడు.

"గెలిపించింది సాఫ్ట్‌వేరే సార్. ఇంకా కోచ్ ఎందుకు?" అంది బుల్లెట్, పిన్ని మొహం చూడకుండా.

సెక్రటరీ పిన్ని వంక చూశాడు. పిన్నే లేచి, బీరువా తాళాలు బల్ల మీద పెట్టింది. "బ్రేకులు చూసుకుంటూ ఉండండే," అని గుమ్మం దాటబోయింది.

ఎదురుగా ఓ నడివయసు మనిషి ఆయాసపడుతూ లోపలికి వచ్చాడు. మెడలో కంపెనీ కార్డు, భుజాన ల్యాప్‌టాప్ సంచీ.

"రెండు నెలలు ఆలస్యమైందని ఏమీ అనుకోకండి సార్, మీరడిగిన ట్రైనింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టడానికి ఇవాళ్టికి కుదిరింది."