ఫొటో అంచు

సున్వాకు ఏడుపొక్కటే తక్కువ.

పడవల సంఘం ఆఫీసుకు కొత్తగా వచ్చిన రెండు పెద్ద మానిటర్ల మీదా తాతయ్య ముఖం వానలో తడిసిన సిరాలా అలుక్కుపోయింది.

పాత కంప్యూటర్లో ఏళ్ళ తరబడి స్క్రీన్‌సేవర్‌గా ఉన్న ఫొటోయే అది. దీవుల రాజధాని తోర్స్‌హావన్‌లో పండగనాటి పడవ పందెంలో గెలిచిన ఊరి జట్టు. తెడ్లు పట్టుకుని ఆరుగురు, మధ్యలో చుక్కాని మనిషి. పాత తెర మీద బాగానే ఉండేది. ఈ కొత్త తెరలు మొహమాటం లేనివి, దాని గుట్టంతా రట్టు చేసేశాయి.

ఆ జట్టులో మిగిలింది తాతయ్య దాన్యల్ ఒక్కడే. ఆయనకూ చూపు తగ్గిపోతోంది. పెద్దగా, వెలుతురుగా ఉంటే తప్ప ఏదీ ఆనదు. సాయంత్రం కొత్త తెరల ప్రారంభానికి వచ్చినప్పుడు పాత నేస్తాల ముఖాలు ఒక్కసారైనా స్పష్టంగా చూపించాలని సున్వా పంతం. మళ్ళీ చూడగలడో లేదో ఎవరికి తెలుసు?

ఫొటోకు పదును పెంచి చూసింది. ముఖాలు పోయి గీతలు మిగిలాయి.

ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో ప్రోగ్రాముకు అప్పజెప్పింది. అది తాతయ్యకు ఎవరివో పళ్ళు పెట్టింది.

"ఎవరమ్మాయ్, ఆ పళ్ళికిలిస్తున్నవాడు?"

సున్వా ఉలిక్కిపడింది. ఫెర్రీ వచ్చేదాకా వానలో నిలబడలేనని లోపలికొచ్చి, హీటరు పక్కన కూర్చున్న ముసలాయన. మాటలో ఐస్‌లాండ్ యాస. జాలిపడి కాఫీ ఇచ్చిన పాపానికి కుర్చీ ఈడ్చుకుని వెనక్కే వచ్చాడు.

"మా తాతయ్య."

"పాపం, ఏం చేశాడని ఇంత శిక్ష?"

"పెద్దాయనా, నా తిప్పలు నేను పడుతున్నాను. మీ కాఫీ చల్లారిపోతోంది."

"చల్లారితే చల్లారనీ." ఆయన తెర దగ్గరకు వంగాడు. "ఈ ఫొటో ఇంత ఇరుకుగా ఉండకూడదే. ఎవరు కోశారు?"

"నేనే. అంచున ఎవరో తెడ్డు లేకుండా నిలబడి ఉన్నాడు. చూడ్డానికొచ్చినవాడెవడో అడ్డంగా పడ్డాడని తీసేశాను."

ముసలాయన గట్టిగా నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గాడు.

"మంచి పని చేశావు. పందెంలో లేనివాడికి ఫొటోలో ఏం పని?"

తరవాత గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ పడవ ఇంకా ఉందా?"

"షెడ్డులో ఉంది."

"ఒక్కసారి చూడొచ్చా?"

"సంఘం సభ్యులకేనండీ. తాళం తియ్యకూడదు. అయినా నాకిక్కడ ఊపిరాడట్లేదు, చూస్తున్నారుగా!"

"సరేలే అమ్మాయ్."

ఆయన కప్పు కడిగి, బోర్లించి, టోపీ చెవుల మీదికి లాక్కుని వానలోకి వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకున్నాక సున్వాకు ఆ మాట బుర్రలో తిరగడం మొదలైంది. ఇరుకు!

కోసేయగా మిగిలిన ముక్కలో పిక్సెల్ చుక్కలెన్ని? ఈ తెరకు కావలసినవాటిలో సగం కూడా లేవు. ఉన్నవాటినే కంప్యూటర్ సాగదీసి తెరంతా పరుస్తోంది. అలుక్కుపోక ఏం చేస్తుంది?

"ఎంత మొద్దునో!" అని తనను తానే తిట్టుకుంది.

గోడలకు రంగులేసినప్పుడు దించేసిన అసలు ఫొటో బీరువాలో, కప్పుల వెనక దొరికింది. దుమ్ము తుడిచి, ఈసారి అంగుళం కూడా వదలకుండా, స్కానరు ఎంత నాణ్యత ఇవ్వగలదో అంతా పెట్టి తీసింది.

బొమ్మ తెరకు ఈ చివర నుంచి ఆ చివరికి సరిపోయింది. స్వెట్టర్ల మీది అల్లిక కనబడింది. తడిజుట్టు కనబడింది. తాతయ్య సొంత పళ్ళు కనబడ్డాయి.

అంచున నిలబడ్డ కుర్రాడు కూడా కనబడ్డాడు. చేతులు జేబుల్లో పెట్టుకుని, అందరికంటే ఎక్కువగా నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఇందాక చూసిందే. సున్వా వెనకనున్న ఖాళీ కుర్చీ వైపు తిరిగింది.

అప్పుడే తలుపు తోసుకుని తాతయ్య వచ్చాడు.

"సాయంత్రం దాకా ఆగలేకపోయానే. అయిందా?"

ఆమె కుర్చీ జరిపింది. తాతయ్య తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చున్నాడు. ఒక్కొక్క ముఖం మీదా వేలు పెట్టి పేరు పిలిచాడు. కళ్ళు తుడుచుకున్నాడు. వేలు అంచు దాకా వెళ్ళి ఆగిపోయింది.

"సామల్! వీడు ఫొటోలో ఉన్నాడన్న సంగతే మరిచిపోయానే. ఆ ఏడే ఐస్‌లాండ్ వెళ్ళిపోయాడు. బతికున్నాడో లేదో..."

"ఉన్నాడు తాతయ్యా." సున్వా ఆయన కూర్చున్న కుర్చీ మీద చెయ్యి వేసింది. "ఇందాక ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. పడవ చూస్తానని అడిగాడు. సభ్యులకే అని పంపేశాను."

తాతయ్య లేచాడు. మేకుకున్న షెడ్డు తాళంచెవి తీసుకున్నాడు. కోటు మాట మరిచిపోయి వానలోకి నడిచాడు. సున్వా కోటు పట్టుకుని వెనకే పరిగెత్తింది.

రేవులో ఫెర్రీ ఇంకా కదలలేదు. వరసలో చివరన, టోపీ చెవుల మీదికి లాక్కున్న మనిషి నిలబడి ఉన్నాడు.

"సామల్! ఒరే సామల్!"

ఆ మనిషి వెనక్కి తిరిగాడు.

"మెల్లగా తాతయ్యా, పడతావు! ఇంతకీ నీకు ఏమవుతాడాయన?"

తాతయ్య అడుగు తగ్గించకుండానే చెప్పాడు.

"ఆ రోజు ఒడ్డు మీదున్న మీ నాయనమ్మ నన్ను చూడాలని, పందేనికి ముందు తన తెడ్డు నా చేతిలో పెట్టి, పడవ దిగిపోయినవాడు."