ఏ పేజీ నుంచి 'అది'?

మనిషి పురుగుగా మారిపోయే పాత కథ ఒకదాన్ని ఆమె తెలుగు చేస్తోంది. పొద్దున్నే సంపాదకుడు ఫోన్ చేశాడు.

"పురుగైపోయాక ఇంకా 'అతను' ఏంటమ్మా? మొదటి పేజీ నుంచే 'అది' అని మార్చెయ్యండి."

ఆమెకు కాలు నిలవలేదు. వంటింటికీ బల్లకీ నాలుగుసార్లు తిరిగి, చివరికి కాగితాలు పట్టుకుని అన్నయ్య గదిలోకి వెళ్లింది. మిల్లులో నడుం విరిగి అతను మంచం పట్టి ఏడాది దాటింది.

అన్నయ్య అంతా ఓపిగ్గా చదివాడు.

"కాళ్లు ఆరయినంత మాత్రాన మనిషి ఎక్కడికీ పోడే. ఇంట్లోవాళ్లు 'అది' అన్న రోజే పోతాడు. అక్కడ మార్చు. ముందుగా ఆ మాట అనేదెవరు?"

"చెల్లెలు."

"పాపం, అన్నాళ్లూ తిండి పెట్టిందీ ఆ పిల్లే కదా. అలిసిపోయి ఉంటుంది."

ఆమె కాగితాలు సర్దుకుని లేవబోయింది.

"నిన్న నా గురించి రోగుల ఆశ్రమానికి ఫోన్ చేసి, 'దీన్నెప్పుడు తీసుకెళ్తారు?' అన్నావు చూడు, నీ గొంతూ అలాగే అలిసిపోయి ఉందే."

ఆమె మళ్లీ మంచం పక్కన కూర్చుంది.

అన్నయ్య దుప్పటి సర్దుకుంటూ మెల్లగా అడిగాడు.

"ఎప్పుడొస్తామన్నారు?"